కొలత ముందు, మరమ్మతు తర్వాత
(సియాటెల్‌లో తెలుగువారి సమావేశంలో పాత చెక్క రేసింగ్ పడవల గురించి చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. లోపలికి వస్తూ గుమ్మం దగ్గర స్టాండ్ల మీద ఉన్న పడవని చాలామంది చూశారు. కొందరు చెయ్యి వేసి చూశారు, మంచిదే, అందుకే అక్కడ పెట్టాను. పొడవు సుమారు ఎనిమిది మీటర్లు. నీళ్లలో ఉన్నప్పుడు నీటి మట్టం దగ్గర దాని వెడల్పు జానెడు కన్నా కాస్త ఎక్కువ, 28 సెంటీమీటర్ల లోపే. ఒక్క మనిషి కూర్చునే పడవ. సింగిల్ స్కల్ అంటారు. రెండు చేతుల్లో రెండు తెడ్లు పట్టుకుని, వెళ్లే దిక్కుకి వీపు పెట్టి నడపాలి. 2010లో గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో బజరంగ్‌లాల్ టాఖర్ మన దేశానికి బంగారు పతకం తెచ్చింది ఈ పోటీలోనే. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు హుస్సేన్ సాగర్ మీద తెల్లవారుజామున ఇలాంటివి వెళ్లడం చూసే ఉంటారు.

ఇప్పుడు పోటీల్లో ఉన్నవి దాదాపు అన్నీ కార్బన్ ఫైబర్ పడవలు. చెక్కవి 1970ల నుంచి నెమ్మదిగా మూలపడ్డాయి. ఎవరి గ్యారేజీలోనో అటక మీద ఉంటాయి. లేదా ఏదో రెస్టారెంట్ కప్పుకి తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి. అలా వేలాడదీసినవాటిని చూస్తే నాకు బాధగానే ఉంటుంది. బాగుచేస్తే వాటిలో చాలావాటికి ఇంకా నీళ్ల మీద తిరిగే ఓపిక ఉంది.

ఈ మధ్య నాకు ఫోన్ చేసేవాళ్లు ఎక్కువయ్యారు. "పాత సింగిల్ ఒకటి దొరికిందండీ, వార్నిష్ గీకడానికి సామాను కొన్నాను, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడుగుతారు. నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: మీ బరువెంత? పడవ గురించి అడిగితే ఈయన మన బరువు అడుగుతాడేమిటని కాస్త ఆగిపోతారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ ప్రశ్న గురించే. ఈ పడవల్ని ఎవరో ఒకరి కొలతకి చేశారు, దర్జీ దగ్గర కుట్టించుకున్న చొక్కాలాగా. అది మీకు సరిపోతుందో లేదో తెలుసుకోకుండా నెలల తరబడి వార్నిష్ గీకి, పగుళ్లు పూడ్చి, మెరిపించి, చివరికి నీళ్లలోకి దింపాక సరిపోలేదని తెలిస్తే చేసేదేముండదు. పెద్దది చిన్నది కాదు, చిన్నది పెద్దది కాదు.

బరువుకి అంత ప్రాముఖ్యత ఎందుకు? ఆర్కిమెడిస్ సూత్రం మనందరం ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదో తరగతిలోనో చదువుకున్నదే. పడవ, మనిషి, తెడ్లు కలిపి ఎంత బరువుంటాయో అంత బరువు నీటిని పక్కకి తోయాలి. పడవ 16 కిలోలు, తెడ్ల జత 4 కిలోలు, మనిషి 75 కిలోలు అనుకోండి, మొత్తం 95. మంచినీళ్ల సరస్సు అయితే 95 లీటర్ల నీటిని తోసేదాకా పడవ మునుగుతుంది. నీటి మట్టం దగ్గర ఈ పడవ పరుచుకునే వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు ఉంటుంది. అంటే ఒకటిన్నర కిలో బరువు పెరిగితే పడవ ఒక మిల్లీమీటరు దిగుతుంది. పదిహేను కిలోలు ఎక్కువైతే సెంటీమీటరు.

సెంటీమీటరేగా అనిపిస్తుంది. కానీ ఈ పడవకి నీళ్ల పైన మిగిలే అంచే కొద్ది సెంటీమీటర్లు. అందులో ఒకటి పోతే, పక్కనుంచి మోటారు బోటు వెళ్లినప్పుడు లేచే అల నేరుగా ఒళ్లోకి వస్తుంది. తెడ్లు ఆనే ఓర్‌లాక్‌లు కూడా పడవతో పాటు సెంటీమీటరు దిగుతాయి. తెడ్డు నీళ్లలోంచి తీసి ముందుకి తెచ్చేటప్పుడు పిడి మోకాళ్లకి తగులుతుంది, తెడ్డు కొస అలల్ని రాసుకుంటుంది. పైగా ఈ పడవల్ని ఆపే శక్తిలో ఎక్కువ భాగం నీటికీ పడవ చర్మానికీ మధ్య రాపిడి. మునిగిన భాగం పెరిగితే రాపిడి పెరుగుతుంది.

బరువు తక్కువైనా ఇబ్బందే. 55 కిలోల మనిషి 90 కిలోలవాళ్ల కోసం చేసిన పడవలో కూర్చుంటే పడవ నీళ్ల మీద తేలిపోతూ ఉంటుంది. నీటి దగ్గర దాని వెడల్పు తగ్గిపోతుంది, మనిషి ఎత్తులో కూర్చున్నట్టవుతుంది, అటూ ఇటూ ఊగడం ఎక్కువవుతుంది. గాలి వీస్తే పడవ పక్కకి కొట్టుకుపోతుంది. పిడులు గుండెల దాకా వస్తాయి.

ఇక్కడ మన ఆడవాళ్లకి ఒక మాట చెప్పాలి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి రోయింగ్ పెట్టిందే 1976లో, మాంట్రియల్‌లో. అంతకు ముందు చేసిన సింగిల్స్‌లో చాలా భాగం మగవాళ్ల బరువుకి చేసినవి. 55, 60 కిలోలవాళ్లకి సరిపోయే పాత చెక్క పడవ దొరకడం కష్టం. అందుకని ఎక్కడైనా "ఇది మరీ చిన్నదండీ, మావాళ్లెవరికీ పనికి రాలేదు" అని ఎవరైనా ఇచ్చేస్తుంటే వెంటనే వెళ్లి చూడండి. వాళ్లకి పనికిరానిది మీకు అచ్చంగా సరిపోవచ్చు.

మరి ఆ పడవ ఎంత బరువుకి చేసిందో ఎలా తెలుస్తుంది? కొందరు తయారీదారులు లోపల ప్లేటు మీద రాసి పెడతారు. పాతవాటిలో చాలావాటికి అలాంటిదేమీ ఉండదు. అప్పుడు మనమే కొలుచుకోవాలి. రెండు దారులున్నాయి, నేను రెండూ చేస్తాను.

మొదటిది కాగితం దారి. పడవని స్టాండ్ల మీద సమంగా నిలబెట్టి, ముందు కొస నుంచి వెనక కొస దాకా మీటరుకో గుర్తు పెట్టండి. ఒక్కో గుర్తు దగ్గర అట్టముక్కని పడవ పొట్టకి సరిగ్గా అతుక్కునేలా కత్తిరించండి. ఓపికగా చెయ్యాల్సిన పని, తొందరపడితే లెక్క పోతుంది. ఆ ఆకారాన్ని గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, పడవ ఇంత లోతు మునుగుతుందనుకుని ఒక అడ్డగీత గీసి, ఆ గీత కింద ఎన్ని చదరపు సెంటీమీటర్లు ఉన్నాయో గళ్లు లెక్కపెట్టండి. రెండు కొసల దగ్గర సున్నా. మధ్యలో ఏడు చోట్ల, ఉదాహరణకి 60, 130, 180, 200, 185, 140, 65 వచ్చాయనుకోండి. అన్నీ కూడితే 960. గుర్తుల మధ్య దూరం 100 సెంటీమీటర్లు కాబట్టి, 96,000 ఘన సెంటీమీటర్లు. అంటే 96 లీటర్లు, 96 కిలోలు. అందులోంచి పడవ 16, తెడ్లు 4 తీసేస్తే 76 కిలోల మనిషి. ఇదే లెక్క ఇంకో సెంటీమీటరు పైన, ఇంకో సెంటీమీటరు కింద గీత గీసి చెయ్యండి. ఏ లోతుకి ఎంత బరువు మోస్తుందో చిన్న పట్టిక తయారవుతుంది. పాత వార్నిష్ మీద సాధారణంగా ఒక మసక చార ఉంటుంది, కింద రంగు వెలిసినట్టు, పైన కాస్త మెరుపు మిగిలినట్టు. ఏళ్ల తరబడి ఆ పడవ ఎంత లోతులో తిరిగిందో ఆ చారే చెబుతుంది. దాన్ని గీకేసేముందు కొలిచి రాసుకోండి. మొదట వార్నిష్ గీకవద్దు అనడానికి ఇదొక పెద్ద కారణం.

రెండోది నీళ్ల దారి. పగుళ్లుంటే వాటి మీద వెడల్పాటి ప్లాస్టిక్ టేపు గట్టిగా అతికించి, గాలి లేని రోజు పడవని ఒడ్డు పక్కనే నీళ్లలో పెట్టండి. ఇద్దరు రెండు రిగ్గర్లు పట్టుకోవాలి. రిగ్గర్లంటే పడవ పక్కల నుంచి బయటికి చాచి ఉండే లోహపు చట్రాలు, వాటి చివర్లే ఓర్‌లాక్‌లు. సీటు ఉండే చోట నీళ్లు నింపిన డబ్బాలు ఒక్కొక్కటే మెల్లగా పెట్టండి. ఐదు లీటర్ల డబ్బా అయితే ఐదు కిలోలు, తూకం అక్కర్లేదు. మీ బరువూ తెడ్ల బరువూ కలిపి వచ్చేసరికి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మైనపు పెన్సిల్‌తో గీయండి. ముందు కొస, వెనక కొస సమంగా ఉన్నాయా, ఒకటి లేచి ఒకటి దిగిందా చూడండి. కాగితం లెక్కా నీళ్ల లెక్కా రెండు మూడు కిలోల తేడాలో కలిస్తే మీ కొలత నమ్మవచ్చు.

బరువు కుదిరాక మిగతా ఒళ్లు. కాళ్ల పొడవు ముఖ్యం. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు పాత పడవల్లో పొట్టిగా ఉంటాయి. పొడుగు కాళ్లవాళ్లు పూర్తిగా చాపకముందే సీటు వెళ్లి పట్టా చివర కొట్టుకుంటుంది. పట్టాలు మార్చవచ్చు, చోటుంటే పొడిగించవచ్చు. పాదాలు పెట్టే స్ట్రెచర్ ముందుకి వెనక్కి జరుగుతుంది, కానీ దాన్ని జరిపితే మీ ఒళ్లు మొత్తం ఓర్‌లాక్‌లతో పోలిస్తే ముందుకో వెనక్కో జరుగుతుంది, దాంతో పడవ కొస లేస్తుందో దిగుతుందో మళ్లీ చూసుకోవాలి. పాదం పెద్దదైతే మడమ కింద వెన్నుకర్రకి, అంటే పడవ అడుగున పొడవునా ఉండే కర్రకి, తగులుతుంది. ఓర్‌లాక్ ఎత్తు సీటు కన్నా 14 నుంచి 18 సెంటీమీటర్ల మధ్య ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. రిగ్గర్ కింద పలుచటి బిళ్లలు వేసి దాన్ని కాస్త పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. రెండు ఓర్‌లాక్‌ల మధ్య దూరం 160 సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది.

తెడ్ల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇప్పుడు మనం చూసే గొడ్డలి ఆకారపు తెడ్లు 1991 తర్వాత వచ్చినవి. పాత చెక్క తెడ్లకి కొస గుండ్రంగా, రెండు వైపులా సమంగా ఉంటుంది, మాకాన్ రకం అంటారు. అవి పొడవు ఎక్కువ, 298 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, కొత్తవి 288 దగ్గర. పాత పడవ మీద కొత్త తెడ్లు వేస్తే రిగ్గర్ల మీద భారం ఒక్కసారిగా పడుతుంది. పాత పడవకి పాత తెడ్లే వెయ్యమని నా సలహా.

ఇప్పుడు చెక్క సంగతి. ఇది సియాటెల్ కాబట్టి ఇక్కడ రేసు పడవలు చేసిన జార్జ్ పోకాక్ పేరు చెప్పకుండా ముందుకి వెళ్లలేను. 1891లో ఇంగ్లండ్‌లో, థేమ్స్ ఒడ్డున ఉన్న కింగ్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి ఈటన్ కాలేజీకి పడవలు చేసేవాడు. 1911లో ఆయనా, ఆయన సోదరుడూ కెనడాలోని వాంకూవర్‌కి వచ్చారు. వాషింగ్టన్ యూనివర్సిటీ రోయింగ్ కోచ్ హైరమ్ కోనిబేర్ వాళ్లని వెతుక్కుంటూ వెళ్లి సియాటెల్ రమ్మన్నాడు. కొన్నేళ్లు బోయింగ్ కంపెనీలో నీటి విమానాలకి తేలే భాగాలు చేశాడు. 1922లో మళ్లీ పడవల దగ్గరికే వచ్చాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో వాషింగ్టన్ కుర్రాళ్లు బంగారు పతకం గెలిచిన ఎనిమిదిమంది పడవ హస్కీ క్లిప్పర్ ఆయన చేసిందే. ఇప్పటికీ కోనిబేర్ షెల్‌హౌస్‌లో ఉంది, మీరెవరైనా వెళ్లి చూడవచ్చు.

మొదట్లో రేసు పడవల చర్మానికి స్పానిష్ సీడర్ వాడేవాళ్లు. పేరుకి సీడర్ అయినా అది మన వేప కుటుంబానికి చెందిన చెట్టు. పోకాక్ 1927లో ఇక్కడి అడవుల్లో దొరికే వెస్టర్న్ రెడ్ సీడర్‌కి మారాడు. ఇక్కడి ఆదివాసులు ఎన్నో తరాలుగా దోనెలు తొలిచిన చెట్టు అదే. చాలా తేలిక. ఘనమీటరు 370 కిలోల దగ్గర ఉంటుంది, మన టేకు 650 దాకా ఉంటుంది. నార నిటారుగా ఉంటుంది, కుళ్లు తొందరగా పట్టదు. ఆ చెక్కని ఒక అంగుళంలో 32 భాగాలు చేసి అందులో మూడు భాగాల మందానికి, అంటే 2.4 మిల్లీమీటర్లకి తగ్గించి, ఆవిరి పట్టి వంచి, చట్రం మీద బిగించేవాడు. మీ జేబులోని రెండు డైములు, అంటే పది సెంట్ల నాణేలు, ఒకదాని మీద ఒకటి పెడితే అంతకన్నా మందం ఉంటాయి. లోపల వెన్నుకర్ర షుగర్ పైన్, పక్కటెముకలు యాష్ చెక్క, పక్క అంచుల పొడవు కర్రలు సిట్కా స్ప్రూస్. ముందూ వెనకా పై కప్పు మాత్రం చెక్క కాదు, బిగుతుగా లాగి వార్నిష్ పట్టించిన పట్టుబట్ట. బయట పడవ మీద ఆ బట్ట మీద వేలితో తట్టి చూడండి, డప్పు చర్మం చప్పుడు వస్తుంది. మరీ గట్టిగా కొట్టకండి.

అన్నీ పోకాక్ పద్ధతివే ఉండవు. యూరప్‌లో స్విట్జర్లాండ్ స్టాంఫ్లి, జర్మనీ ఎంపాఖర్ లాంటివాళ్లు పలుచటి చెక్క పొరల్ని అచ్చు మీద ఒకదాని మీద ఒకటి అతికించి చర్మం తయారు చేసేవాళ్లు. వాటికి పగుళ్లు తక్కువ, పొరలు విడిపోవడం ఎక్కువ. మీ చేతిలో ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోండి, మందు దాన్ని బట్టే ఉంటుంది.

ఒకే పలక చర్మం ఉన్న పడవ గురించి ఎక్కువ చెబుతాను, ఈ ఊళ్లో దొరికేవి ఎక్కువ అవే కాబట్టి. దాని జబ్బు ఒక్కటే, నార వెంట చీలడం. ఏళ్ల తరబడి వేడి గ్యారేజీలో ఎండిపోయిన చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది, చుట్టూ మేకులతో బిగించి ఉంది కాబట్టి కుంచించుకునే చోటు లేక బీటలు వారుతుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఎండిన చెక్కలో తెరుచుకున్న బీటని అలాగే జిగురుతో నింపేస్తారు. వర్షాకాలం రాగానే చెక్క ఉబ్బుతుంది, ఆ బీట ఇక మూసుకోలేదు, పక్కన ఇంకో చోట కొత్త బీట పడుతుంది. అందుకని ముందు పడవని నీళ్ల దగ్గర నీడలో, గాలి ఆడే చోట కొన్ని వారాలు ఉంచండి. చెక్క గాలిలోని తేమ పీల్చుకుని తనంతట తనే దగ్గరికి వస్తుంది. వెంట్రుక దూరే సందు మాత్రం మిగులుతుంది. అప్పుడు మొదలుపెట్టండి.

బయట వైపు టేపు అతికించాలి, జిగురు కారిపోకుండా. లోపల్నుంచి పాత వార్నిష్, మురికి పలుచటి బ్లేడుతో బీట వెంబడి తీసేయాలి, చెక్క మాత్రం తెగకూడదు. తర్వాత పలుచటి ఎపాక్సీ జిగురుని చిన్న కుంచెతో బీట మీద రాస్తే అది తనే లోపలికి పీల్చుకుంటుంది. పీల్చుకున్నాక మళ్లీ రాయాలి, ఇక పీల్చుకోనని ఆగేదాకా. ఆపైన లోపలి వైపు రెండు వేళ్ల వెడల్పున అతి పలుచటి గాజుబట్ట గాని, సీడర్ చెక్క పొర గాని అతికించాలి. ముక్క ఊడిపోయి రంధ్రం పడితే కొత్త ముక్క పెట్టాలి. దాని అంచుని ఏటవాలుగా చిత్రిక పట్టాలి, చర్మం మందానికి కనీసం ఎనిమిది రెట్ల దూరం ఆ వాలు సాగాలి. నిటారుగా కోసి అతికిస్తే ఆ అతుకు నిలవదు. కొత్త ముక్క నార పాత నారతో ఒకే దిక్కుకి పడేలా చూసుకోండి, రంగు ఎలాగూ రెండు వేసవులకి కలిసిపోతుంది.

ఇంతకు ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఏ పని చేసే ముందూ పడవ వంకర పోయిందో లేదో చూడండి. వెన్నుకర్ర వెంబడి ముందు కొస నుంచి వెనక కొసకి దారం బిగించి లాగి కట్టండి. మధ్యలో ఎక్కడ దూరం పెరిగిందో, ఎక్కడ తగ్గిందో స్కేలుతో కొలవండి. పోకాక్ పడవల కొసలు కొద్దిగా పైకి లేచి ఉంటాయి, అది లోపం కాదు. ఎండిన చెక్కని చట్రానికి బిగించాక అది తేమ పీల్చి పొడవులో రవ్వంత సాగాలని చూస్తుంది, చట్రం సాగనివ్వదు, ఆ ఒత్తిడికి కొసలు లేస్తాయి, దానివల్లే పడవ నీళ్లలో ప్రాణమున్నట్టు కదులుతుందని ఆయన నమ్మకం. కానీ పడవని రెండు చివరలా మాత్రమే ఆనించి ఏళ్ల తరబడి పెట్టి మధ్య కుంగిపోతే అది వేరే సంగతి. కొద్దిగా కుంగితే సరైన చోట ఆనించి నెలలపాటు ఉంచితే కొంత తిరిగి వస్తుంది. మెలి తిరిగిపోయిన పడవని మాత్రం, ఎంత అందంగా ఉన్నా, నేను తీసుకోను.

ఇప్పుడు వార్నిష్. మొత్తం గీకేయాలన్న కోరిక ఆపుకోండి. 2.4 మిల్లీమీటర్ల చర్మం మీద కరెంటు శాండర్ పెట్టడం ఘోరం. ఒక్క క్షణం ఒకే చోట ఆగితే పావు మిల్లీమీటరు పోతుంది. పెచ్చులూడుతున్న చోట మాత్రం ఉక్కు పలక గీకుడుతో నార వెంట గీయండి, మిగతా చోట నీళ్లతో తడిపిన సన్న శాండ్‌పేపర్ చాలు. మాస్కు మాత్రం తప్పనిసరి. రెడ్ సీడర్ పొడిలో ప్లికాటిక్ యాసిడ్ అనే పదార్థం ఉంటుంది, దానివల్ల వడ్రంగులకి ఆస్తమా వస్తుందని డాక్టర్లు నిర్ధారించారు. తర్వాత ఎండ తట్టుకునే పడవ వార్నిష్ మూడు నాలుగు పలుచటి పూతలు వేస్తే సరిపోతుంది. పూత మీద పూత వేసుకుంటూ పోతే బరువు పెరుగుతుంది. పోటీ సింగిల్‌కి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కనీస బరువు 14 కిలోలు. కొన్ని పాత పడవలు పూతలతో, మరమ్మతులతో 19, 20 కిలోలకి చేరాయి.

పట్టుబట్ట చినిగిపోతే ఇప్పుడు చాలామంది వేడికి బిగుసుకునే పాలియెస్టర్ బట్ట వాడతారు, చిన్న విమానాల రెక్కలకి వేసే రకం. ఇస్త్రీపెట్టెతో మెల్లగా వేడి చేస్తే బిగుస్తుంది. నాకు పట్టే ఇష్టం, కానీ వాడే పడవకి పాలియెస్టర్ తప్పు కాదు. మేకులు, మరలు ఇత్తడివి అయితే విప్పేటప్పుడు తల విరిగిపోతుంది. సోల్డరింగ్ ఐరన్‌తో మర తలని అర నిమిషం వేడి చేసి, చల్లారాక తిప్పండి, చాలావరకు వస్తుంది. ఇత్తడి ఊడిన చోట ఇనుప మర పెట్టవద్దు. ఇత్తడి పక్కన తడిలో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, చుట్టూ చెక్క నల్లబడుతుంది.

ఒక్క పని మాత్రం చెయ్యవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. పడవ మొత్తానికి బయట ఫైబర్‌గ్లాస్ కప్పవద్దు. అలా కప్పిన పడవ ఒకటి నా దగ్గరికి వచ్చింది. కప్పినాయన మంచి ఉద్దేశంతోనే చేశాడు, ఇక పగలదనుకున్నాడు. లోపల తేమ బయటికి పోయే దారి లేక చెక్క మెత్తబడింది. ఆ పొర తీయబోతే చెక్క నార దానితో పాటే ఊడి వచ్చింది. బరువు నాలుగైదు కిలోలు పెరిగింది కాబట్టి మనం చెప్పుకున్న కొలత కూడా పోయింది, 76 కిలోలవారి పడవ 71 కిలోలవారిది అయిపోయింది. చెక్క పగిలితే అతికించుకోవచ్చు. మళ్లీ పగిలితే మళ్లీ అతికించుకోవచ్చు. తయారు చేసినవాళ్లు అలా బాగుచేసుకుంటారనే దాన్ని అలా చేశారు.

టైమవుతోంది, ప్రశ్నలు రెండు మూడు తీసుకుంటాను.

వెనక వరసలో అమ్మగారు అడుగుతున్నారు, మన దేశంలో ఇలాంటి చెక్క దొరుకుతుందా అని. దొరుకుతుందండీ. మన తూన్ చెక్క ఉంది కదా, అది స్పానిష్ సీడర్‌కి దగ్గరి చుట్టం, రెండూ వేప కుటుంబమే. ఆస్ట్రేలియాలో దాన్నే రెడ్ సీడర్ అంటారు. కలకత్తా రోయింగ్ క్లబ్ 1858లో, మద్రాస్ బోట్ క్లబ్ 1867లో మొదలయ్యాయి. అంత పాత క్లబ్బుల షెడ్లలో చెక్క పడవలు ఏమైనా మిగిలి ఉంటే, అక్కడున్న మన పిల్లలెవరైనా ఒక్కసారి టేపు పట్టుకుని వెళ్లి కొలిచి ఫొటోలు తీస్తే నాకు పంపండి, చాలా సంతోషిస్తాను.

ఈ బాబు అడిగేది, రోయింగ్ రానివాళ్లు నేరుగా ఇందులో నేర్చుకోవచ్చా అని. వద్దు నాన్నా. ముందు వెడల్పాటి నేర్చుకునే పడవలో ఒక సీజన్ తిరుగు. లేక్ యూనియన్ ఒడ్డున పోకాక్ పేరు మీద ఉన్న రోయింగ్ సెంటర్లో నేర్పుతారు. తిరగబడితే మళ్లీ ఎక్కడం నేర్చుకో. అది వచ్చాక ఈ పడవ నేనే నీళ్లలో పెట్టి ఇస్తాను.

చివరిది, బాగుచేశాక మొదటిసారి నీళ్లలో పెట్టినప్పుడు ఏం చూడాలి? లోపల పొడిగా తుడిచి, అతికించిన ప్రతి చోటా కింద టిష్యూ కాగితం ముక్కలు పరచండి. మీ బరువంత నీళ్ల డబ్బాలు పెట్టి, పడవని ఒడ్డు పక్కనే పావుగంట కదలకుండా పట్టుకోండి. డబ్బాలు తీసి, టార్చి వేసి కాగితాలు చూడండి. తడిసిన కాగితం కింద పెన్సిల్‌తో సున్నా చుట్టి పడవ ఇంటికి తీసుకెళ్లి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ చోట మాత్రమే మళ్లీ ఎపాక్సీ రాయండి. అన్ని కాగితాలూ పొడిగా ఉన్న రోజు మీరు ఎక్కి కూర్చోండి, అప్పుడు కూడా ఒడ్డు మీద ఒకరు రిగ్గర్ పట్టుకుని ఉండాలి.